నేపథ్యము లేని బొమ్మ



నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీలో పలువురకు వింతగా తోచవచ్చును. ఆటపెట్టెలమీద అతికించు బొమ్మలను గూర్చియు, అందును ముఖ్యముగా ఆ బొమ్మల వెనుక ఏమియు లేకుండ చేయు విద్యను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచినాను. వ్యాకరణమును, కొంచెము తర్కమును చదువుకొని, బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవానికి ఈ గొడవ యేల యని మీరడుగవచ్చును. నన్నీ త్రోవకు లాగినది మా యూరి వృద్ధ వడ్రంగి యొకరు వేసిన ప్రశ్న.

ఆయన కుమారుడు నాయొద్ద చదివినవాడు. తండ్రివలె ఉలి పట్టినవాడే గాని, తలుపులు, మంచములు చేయుట తగ్గించి, కొంతకాలముగా పట్టణములోని ఫలహారశాలలకును పిల్లల వినోదశాలలకును ఆటపెట్టెలు చేసి యిచ్చుచున్నాడు. పెట్టె చేయుటకు నాలుగు దినములు పట్టును. దానిపై బొమ్మలు సిద్ధము చేయుటకు వారము పట్టును. ఆ వారములో సగము బొమ్మ వెనుకనున్న రంగును తీసివేయుటకే చెల్లును. ఈ పనికై చిత్రలేఖనము నేర్చిన యొక బాలికను నెలజీతమునకు పెట్టుకొనవలెనని కుమారుడు తలపెట్టగా తండ్రి అడ్డుపడెను. ఇంటిలో మాటలు నిలిచిపోయినవి. ఒకనాటి సాయంకాలము రచ్చబండ యొద్ద ఆయన నన్ను నిలిపి, “పంతులుగారూ, బొమ్మ వేసినందుకు కూలి అడిగితే అర్థముంది. బొమ్మ వెనకాల ఏమీ లేకుండా చేసినందుకు కూలేమిటండీ? లేనిదానికి వెల కట్టేవాడెవడు?” అని అడిగెను.

ప్రశ్న బాగుగనే యున్నది. దానికి సమాధానము చెప్పుటకు ముందు ఆటపెట్టె యనగా నేమో విన్నవింపవలెను.

అది ఇంచుమించు మనిషి యెత్తున బీరువా వంటి చెక్కపెట్టె. నడుమ టెలివిజను తెర. తెరకు దిగువ పట్టుకొని త్రిప్పు చేతిపిడియు, నొక్కు బొత్తాములును ఉండును. ఇంకను దిగువ నాణెము వేయు సందు. ఇట్టి పెట్టెలను వరుసగా నిలిపిన శాలకు ఆర్కేడ్ అని విదేశములలో పేరు. 1978వ సంవత్సరమున జపానులోని టైటో సంస్థ ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను ఆటను, 1980లో నామ్కో సంస్థ ‘ప్యాక్-మ్యాన్’ను, 1981లో నింటెండో సంస్థ ‘డాంకీ కాంగ్’ను వెలువరించినవి. 1990 ప్రాంతములందు మన పట్టణములలో కూడ వీడియో గేముల అంగళ్లు వెలసినవి. మీ కుమారులలో కొందరు బడి యెగగొట్టి పోయినది అక్కడికే! తరువాత ఇండ్లలోనికి కంప్యూటర్లు, చేతులలోనికి ఫోనులు వచ్చి ఆ అంగళ్లు చాలవరకు మూతపడినవి. అయినను 1997లో నికోలా సాల్మోరియా అను ఇటలీ దేశస్థుడు, పాత యంత్రముల ఆటలను సాధారణమైన కంప్యూటరులో ఆడింపగల ‘మేమ్’ అను సాధనమును లోకమునకు ఉచితముగా నొసగెను. నాటినుండి పెట్టెను తామే చేసికొని లోపల కంప్యూటరు నమర్చుకొను వేడుక దేశదేశములందు వ్యాపించినది. పెట్టె చేసికొనిన పిమ్మట దానికి అలంకారము కావలెను గదా.

ఆ అలంకారము పలుచోట్ల నుండును. పెట్టెకు నొసటివలె పైన నుండు పలక యొకటి. దానివెనుక దీపము వెలుగుచుండును. తెరచుట్టు చట్రము, బొత్తాముల పలక, ఇరుప్రక్కల నిలువెత్తు బొమ్మలు తక్కినవి. నొసటి పలకపై నీలాకాశమున పసుపుపచ్చని బొమ్మ యొకటి, దాని ముందు ఆట పేరు, ప్రక్కను మరియొక పాత్ర నిలువవలెననుకొనుడు. ఇవన్నియు వేర్వేరు చోట్ల గీసినవి. ఒకటి తెల్లకాగితముపై నుండవచ్చును, ఒకటి పాత యట్టపెట్టెపై నుండవచ్చును. వీనిని తెచ్చి యొకేచోట పేర్చునపుడు తెల్లకాగితము కూడ వెంట వచ్చినచో, ఆకాశమున బొమ్మకు బదులు చీటీ అతికించినట్లుండును. కావున బొమ్మను దాని భూమినుండి వేరుచేయవలెను. భూమి యనునది మన పాత చిత్రకారుల మాట. బొమ్మ వేయుటకు సిద్ధము చేసిన తలము. నేడు దానినే నేపథ్యమనుచున్నారు. సంస్కృత నాటకములలో నేపథ్యమనగా తెరవెనుక పాత్రలు వేషము వేసికొను చోటు. మాట తెరవెనుకనుండి బొమ్మవెనుకకు వచ్చినది, తప్పేమియు లేదు.

ఈ భూమిని పోగొట్టు ఉపాయము మొదటి పెట్టెలలో కంప్యూటరు లేకయే సాధించిరి. స్పేస్ ఇన్వేడర్స్ ఆటను నిర్మించినవాడు తొమొహిరో నిషికాదో. ఆ యంత్రము పుట్టించు చిత్రము నల్లని తెరపై తెల్లని బొమ్మలు మాత్రమే. వేరు రంగులు దానికి రావు. రంగు కనబడుటకై తెరమీద రంగు సెల్లోఫేను కాగితపు పట్టీలు అతికించిరి. నిలువు పెట్టెలో మరియొక చమత్కారము చేసిరి. తెరను ఆటగానికి ఎదురుగా పెట్టక లోపల మరుగున నుంచి, దాని చిత్రమును సగము మాత్రమే ప్రతిఫలించు అద్దముపై పడవేసిరి. ఆ అద్దము వెనుక చంద్రమండలము చిత్రించిన పలకను దీపముతో నిలిపిరి. చూచువానికి చంద్రుని ముంగిట శత్రువులు దిగి వచ్చుచున్నట్లుండును. తెరపై నలుపు ఉన్నచోటనుండి వెలుగేమియు రాదు గనుక, ఆ చోట వెనుకనున్న చంద్రుడే కనబడును. నలుపే అక్కడ పారదర్శకమయ్యెను.

వెలుగుతో చేయు పనిలో నలుపు ‘లేమి’ యగుచున్నది. కాగితముపై చేయు పనిలో తెలుపు ‘లేమి’ వలె కనబడుచున్నది. ఈ రెంటిని చూచిన తరువాతనే వడ్రంగిగారి ప్రశ్నలోని లోతు నాకు తెలిసినది. వైశేషికులు పదార్థములను లెక్కించుచు ద్రవ్యము, గుణము, కర్మ, సామాన్యము, విశేషము, సమవాయము అని ఆరు చెప్పగా, తరువాతివారు అభావమును ఏడవదిగా చేర్చిరి. నేలపై కుండ లేదని మన మెరుగుచున్నాము. ఆ యెరుక అబద్ధము కాదు. కావున లేకపోవుట కూడ తెలియదగిన పదార్థమే యని వారి వాదము. తెలుపన్ననో గుణము, రూపములలో నొకటి. వాయువునకు రూపము లేదందుము గాని వాయువు తెల్లనిదని యెవరును అనరు. తెల్లని నేపథ్యము వేరు, నేపథ్యము లేకపోవుట వేరు. క్రొత్తగా ఈ పనిలో దిగినవారు తడబడునది ఇక్కడనే. తెల్లకాగితముపై బొమ్మ నుంచి, తెల్లకాగితముపైననే చూచుకొని, వెనుక నేమియు లేదని సంతసింతురు. దానిని నీలముపై పెట్టినపుడు గాని గుట్టు బయటపడదు.

కంప్యూటరు ఈ లేమిని ఎట్లు గుర్తుంచుకొనును? బొమ్మ యనగా దానికి మిక్కిలి చిన్న చుక్కల వరుసలు. 24 అంగుళముల వెడల్పు, 8 అంగుళముల యెత్తుగల నొసటి పలకను అంగుళమునకు 300 చుక్కల చొప్పున సిద్ధపరచినచో, అడ్డముగా 7200, నిలువుగా 2400, వెరసి 1 కోటి 72 లక్షల 80 వేల చుక్కలగును. ప్రతి చుక్కకు ఎరుపెంత, ఆకుపచ్చ యెంత, నీలమెంత అని మూడంకెలు, ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు. ఈ మూడంకెలతో ఏ రంగునైనను చెప్పవచ్చును. తెలుపు కూడ మూడును 255 అయిన రంగే. ‘ఇచ్చట ఏమియు లేదు’ అని చెప్పుటకు మాత్రము ఈ మూడింటిలో చోటు లేదు. అందుచేత నాలుగవ అంకె కావలసి వచ్చినది. అది 0 అయినచో చుక్క లేనట్లే, వెనుకనున్నది పూర్తిగా కనబడును. 255 అయినచో చుక్క గట్టిగా నున్నది, వెనుకనున్నది మరుగుపడును. నడుమనున్న అంకెలకు నడుమనున్న స్థితులు.

ఈ నాలుగవ అంకెను 1970 దశకము చివర, న్యూయార్కులోని ఒక సాంకేతిక విద్యాలయమున పనిచేయుచుండిన ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ అనువారు కల్పించి, గ్రీకు అక్షరము పేర ‘ఆల్ఫా’ యనిరి. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనువారు ఒక బొమ్మపై నింకొకటి పేర్చునపుడు ఈ అంకెలతో చేయవలసిన గణితమును క్రమపరచిరి. గణితము మన పాలలో నీళ్ల లెక్క వంటిదే. ఆల్ఫా సగమైనచో బొమ్మ రంగు సగపాలు, భూమి రంగు సగపాలు కలియును. పావైనచో బొమ్మ పావు, భూమి ముప్పావు.

లేదు, ఉన్నది అను రెండు మాటలు చాలవా, నడిమి అంకెలేల యని వడ్రంగిగారి కుమారుని నేనడిగితిని. అతడు కంప్యూటరులో ఒక బొమ్మ అంచును పెద్దదిచేసి చూపెను. గుండ్రని చెక్కిలి గీత చతురపు చుక్కల గుండా పోవునపుడు, కొన్ని చుక్కలు సగము చెక్కిలిలోను సగము బయటను ఉండును. వానిని పూర్తిగా లోపలికి లాగినను, పూర్తిగా వెలికి నెట్టినను అంచు మెట్లు మెట్లుగా రంపపు పండ్లవలె కనబడును. 1987లో పుట్టిన జిఫ్ అను పద్ధతిలో చుక్క ఉన్నదో లేదో రెండే మాటలు గనుక ఆ బొమ్మల అంచులు అట్లే యుండును. ఆ పద్ధతిలో వాడిన ఒక గణితముపై హక్కుగల సంస్థ 1994 చివర రుసుము కోరుటతో, కొందరు నిపుణులు 1995లో పూనుకొని పీ.ఎన్.జీ. అను క్రొత్త పద్ధతిని తయారుచేసిరి. 1996 అక్టోబరులో అది ప్రమాణముగా అంగీకరింపబడినది. అందులో చుక్కకు 256 అంతరువుల పారదర్శకతకు చోటు కలదు. ఫోటోలకు వాడు జేపెగ్ పద్ధతిలోనో నాలుగవ అంకెకు చోటే లేదు. ఎంత శ్రమపడి భూమిని తొలగించినను, జేపెగ్గుగా దాచినచో తిరిగి తెలుపో నలుపో వచ్చి కూర్చుండును.

అంచు పని ఇంతటితో తీరదు. తెల్లకాగితమునుండి తీసిన బొమ్మ అంచుచుక్కలలో ఆ కాగితపు తెలుపు ముందే కలిసియుండును. దానిని చీకటి రంగుపై నిలిపినచో చుట్టును సున్నపు గీత వంటి తెల్లని రేఖ మెరయును. దూరమునుండి చూచువాడు కారణము చెప్పలేడు గాని, ఏదో అతికించినట్లున్నదని మాత్రము గ్రహించును. పనివాడు అంచును ఒకటి రెండు చుక్కలు లోపలికి జరుపును. లేక అంచుచుక్కల పారదర్శకతను అట్లే యుంచి, రంగును మాత్రము లోపలి రంగుగా మార్చును. ఇక జుట్టు, పొగ, గాజు, నీడ వచ్చినపుడు కష్టము చెప్పనలవి కాదు. గాజు సీసా గీసినచో సీసాలోనుండి వెనుకటి ఆకాశము కొంత కనబడవలెను. ఎంత కనబడవలెనో యంత్రము చెప్పదు. నేడు మీట నొక్కినంతనే నేపథ్యమును తొలగించు సాధనములు వచ్చినవి. అవి బొమ్మ నడుమ బాగుగనే పనిచేయును గాని, సన్నని మీసము వచ్చినపుడు దానిని కూడ నేపథ్యమని తీసివేయుట నేను కన్నులార చూచితిని. మీసము పోయిన వీరుడు ఎట్లుండునో మీరే యూహింపుడు.

కంప్యూటరులో లేమిని కంటికి చూపుటకు ఒక సంకేతమేర్పరచిరి. ఏమియు లేనిచోట తెలుపు, బూడిద రంగుల చిన్న గళ్లు, చదరంగపు పలకవలె కనబడును. గళ్లు బొమ్మలోనివి కావు; ‘ఇచ్చట శూన్యము’ అని చెప్పు గుర్తు మాత్రమే. అయితే అంతర్జాలమున దొరకు బొమ్మలు కొన్నిటిలో ఆ గళ్లు నిజముగనే బొమ్మలో భాగమై యుండును. ఎవరో తెరను ఫోటో తీసినట్లు దాచినవి. ఒకమారు ఈ అబ్బాయి శుద్ధమైన బొమ్మనే యిచ్చినను, అచ్చువేయు దుకాణమువారు దానిని తెరపై చూచి, తెరపై కనబడినదానినే పట్టుకొని అచ్చువేసిరి. నిలువెత్తు ప్రక్కబొమ్మ చుట్టును బూడిద రంగు గళ్లు! అమ్మకపుదారు పెట్టెను తీసికొననని త్రిప్పి పంపెను. దుకాణమువారు తమ తప్పు కాదనిరి. కాగితము, అంటు, సిరా ఖర్చు అబ్బాయి నెత్తిన పడెను. తండ్రికి కోపము వచ్చినది ఆ దినముననే. లేనిదానికి డబ్బు ఖర్చుపెట్టుట యొక యెత్తు, ఆ లేనిది గళ్లరూపమున ప్రత్యక్షమగుట యొక యెత్తు గదా!

వెనుక దీపముండు నొసటి పలక విషయములో లేమికి ఇంకొక పరీక్ష కలదు. ఇది నాకు మిక్కిలి ఇష్టమైన భాగము. మామూలు అచ్చుయంత్రమునకు నాలుగు సిరాలు: లేత నీలము, గులాబి వంటి ఎరుపు, పసుపు, నలుపు. తెల్ల సిరా లేదు. కాగితపు తెలుపే తెలుపుగా చెల్లును. అదే బొమ్మను పారదర్శకమైన అక్రిలిక్ పలకపై వేసినచో, బొమ్మ కంటిలోని తెలుపునకును బొమ్మ వెలుపలి శూన్యమునకును అచ్చుయంత్రము భేదమెరుగదు. రెండుచోట్లను సిరా వేయదు. కన్నుల స్థానమున రెండు కిటికీలు తెరచినట్లగును. కావున తెల్ల సిరాగల యంత్రమున, బొమ్మ ఉన్నంతమేర రంగులకు దన్నుగా తెలుపు వేయుదురు. ఎక్కడ వేయవలెనో, ఎక్కడ మానవలెనో చెప్పునది ఆ నాలుగవ అంకెయే. అది సరిగా లేనిచో దీపము వెలిగించినపుడు బొమ్మ మొగము చీకటిగను, చుట్టును వెలుగుగను ఉండును.

ఇది విన్నపుడు నాకు తోలుబొమ్మలాట జ్ఞప్తికి వచ్చినది. మీలో పెద్దలు తెల్లవారుజాము వరకు కూర్చుండి చూచినవారే. మేకతోలును నానబెట్టి, వెండ్రుక తీసి, గీకి, వెలుగు చొచ్చునట్లు పలుచన చేయుదురు. రూపముచుట్టు తోలును కోసివేయుదురు. అనగా నేపథ్యమును తొలగింతురు. వెలుగును అడ్డు మందపు రంగు వేసినచో తెరపై నల్లని నీడ మాత్రమే పడును గనుక, వెలుగు చొరనిచ్చు రంగులనే పూయుదురు. నగలు గీయరు, చిన్న ఉలులతో రంధ్రములు పొడుతురు. కిరీటపు మణి యనునది తోలు లేని చోటు. దానిగుండా దీపము కనబడినపుడు అది రత్నమగును. గట్టి రేఖ, సగము చొరనిచ్చు రంగు, పూర్తిగా తెరచిన రంధ్రము, ఈ మూడును ఆ తోలులోనే యున్నవి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము దాపున నిమ్మలకుంట యను గ్రామమున ఈ విద్య నేటికిని నిలిచియున్నది. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అక్కడివారు ఇప్పుడు దీపపు తొడుగులు కూడ అదే తోలుతో చేయుచున్నారు. వెనుక దీపమున్న పలకకు బొమ్మ చేయువాడు వారి పనిని ఒకమారు దగ్గరనుండి చూచినచో చాల నేర్చుకొనగలడని నా నమ్మకము.

వడ్రంగిగారితో నేను తర్కశాస్త్రము మాటలాడలేదు. ఆయన యౌవనమున మా దేవళపు మండపమునకు చేసిన జాలీ కిటికీని చూపి, “అయ్యా, దీనికి కూలి తీసికొన్నారు గదా, కొయ్యకా, రంధ్రాలకా?” అని అడిగితిని. ఆయన కొంతసేపు కిటికీవంక చూచి, “రంధ్రాలకేనండి. కొయ్య వాళ్లదే” అనెను. వెంటనే, “కానీ నా రంధ్రము చెయ్యిపెడితే తెలుస్తుంది. వాడిది తెలియదు” అనెను. ఆ మాటకు సమాధానము నాకు దొరకలేదు, అబ్బాయి చూపెను. ఒకే బొమ్మను రెండు విధముల అచ్చువేసి, రెండింటి వెనుక దీపము పెట్టెను. ఒకదానికి అంచు శుద్ధిచేసినది, రెండవది చేయనిది. వృద్ధుడు కండ్లద్దములు సవరించుకొని, వ్రేలితో అంచువెంట తడిమి, శుద్ధిచేయని దానిని ప్రక్కకు త్రోసివేసెను. ఆ బాలికను మూడు నెలలకు పెట్టుకొనుటకు ఒప్పుకొనెను. జీతము మాత్రము తానడిగినంతకు తగ్గించెను, ఆయన ఆయనే.

మీ పిల్లలు ఈ పనిలో నున్నచో వారికి చెప్పవలసినవి రెండు మూడు కలవు. ఖరీదైన సాధనములు లేకపోయినను జింప్, ఇంక్‌స్కేప్ అను ఉచిత సాధనములు చాలును. చిన్న బొమ్మను సాగదీసి నిలువెత్తు చేసినచో చుక్కలు ఇటుకలవలె తేలును. కావున గీతలను వక్రరేఖలుగా తిరిగి గీసికొనవలెను. రెనో మోటారు సంస్థ ఇంజనీరు పియేర్ బెజియే కార్ల ఒంపులకై ప్రచారములోనికి తెచ్చిన ఆ రేఖలు ఎంత పెంచినను చెడవు. పని చూచుకొనుటకు తెలుపుపై గాక, ఒకమారు నలుపుపైనను ఒకమారు ముదురు ఎరుపుపైనను బొమ్మను నిలిపి అంచు చూడవలెను. పొరలు విడివిడిగానున్న మూలప్రతిని వేరుగా దాచుకొని, అచ్చుకు పీ.ఎన్.జీ. ప్రతిని పంపి, గళ్లు అచ్చువేయవలదని దుకాణమువారికి కాగితముపై వ్రాసి యివ్వవలెను. నోటిమాట చాలదని మా అబ్బాయికి తెలిసినది.

ఇక ప్యాక్-మ్యాన్ మొదలగు పాత్రలు వాని యజమానుల సొత్తు. ఇంటిలో ముచ్చటకు పెట్టుకొనుట వేరు, అమ్ముట వేరు. అమ్మకమునకు చేయు పెట్టెలపై ఆ బొమ్మలు వేయుటకు అనుమతి కావలెను. మా యూరి అబ్బాయి ఇప్పుడు అవి మాని స్వంత బొమ్మలు గీయించుచున్నాడు. క్రిందటి నెల చేసిన పెట్టె నొసట ఒక కోడిపుంజు నిలిచినది. దాని తోక ఈకలు తొమ్మిది. ఆ ఈకల అంచులు విడదీయుటకే ఆ బాలికకు రెండు దినములు పట్టినదట.